నా భుజానికి అండగా నిలిచిన మీ అందరికీ కృతజ్ఞతలు

పోచంపల్లి, ఆ చుట్టుపక్కల ఊళ్లలోని నేత కుటుంబాల పెద్దలకు, అక్కాచెల్లెళ్లకు నమస్కారం. నా కుడి భుజం పట్టేసి, జడ వేసుకోవడానికి కూడా చేయి లేవని రోజుల్లో నన్ను ఆదుకున్న వారికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలని ఉన్నా, పేర్లు రాయవద్దని చాలామంది కోరినందువల్ల వారి మాట మన్నిస్తున్నాను.

ఇక్కత్ నేసే ఇళ్లలో ఆసు పోయడం తరతరాలుగా ఆడవాళ్ల పని. పేక నూలుకు, అంటే బట్టలో అడ్డంగా సాగే దారానికి, చిటికి కట్టి (రంగు అంటకూడని చోట ముడులు బిగించి) రంగులు అద్దడానికి ముందు, ఆ దారాన్ని అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ పోగు పోగుగా పోయాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు కదలాలి. మా అమ్మమ్మ, అమ్మ ఈ పని చేస్తూనే పిల్లలను పెంచారు. రాత్రి భుజానికి కాపడం పెట్టుకొని, తెల్లవారగానే మళ్లీ ఆసు ముందు కూర్చునేవారు. నొప్పిని పైకి చెప్పకుండా భరించడమే పెద్దలకు ఇచ్చే గౌరవమని మా ఇళ్లలో అనుకునేవారు. వారి ఓర్పుకు శిరసు వంచి నమస్కరిస్తాను. అయితే ఆ చేతుల నేర్పు నా చేతుల్లో మిగలాలంటే ముందు ఈ చేతులు బాగుండాలని, వాటిని కాపాడుకోవడం వారికి నేను చెల్లించే కృతజ్ఞతేనని నాకు తెలియజెప్పింది మీరే.

పక్క వీధి పెద్దమ్మ, ఆమె కోడళ్లు తమ ఇంటి పని ముగించుకొని వచ్చి మా ఆసు పోసిపెట్టారు. నూలు ఇచ్చి నేయించుకునే అన్న, చీరలు ఆలస్యమైనా ఒక్క మాట అనలేదు. గోడ మీద వేళ్లను పాకిస్తూ చేయిని కొంచెం కొంచెంగా పైకి జరిపే వ్యాయామాన్ని ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఎంతో ఓపికతో నేర్పించారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు, ఆసు పోసి పోసి భుజాలు నొప్పెట్టిన తన తల్లి లక్ష్మి గారి కష్టం చూడలేక తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రాన్ని మా బంధువులంతా కలిసి మా ఇంటికి కొని తెచ్చారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా వాడలో ఎంత సంతోషించామో, యంత్రం మా గుమ్మం దాటి లోపలికి వచ్చిన రోజు అంతకన్నా ఎక్కువ సంతోషించాను. అమ్మ పడిన బాధను చూసి, అది మరొకరికి రాకుండా చేసిన ఆ కొడుకు పనికి మించిన వారసత్వ గౌరవం నాకు తెలియదు.

మా అత్తమ్మ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పట్టుచీరలు నేసే మన ఇళ్లలో ఆడవాళ్లు ఆ పట్టు కట్టుకోవడం అరుదు. నేసినదంతా అమ్మకానికే పోతుంది. నా చేయి కుదుటపడ్డాక నేసిన మొదటి చీరను అత్తమ్మ అమ్మనివ్వలేదు. ఆమె పుట్టింటివారు నేసే పాత డిజైను అది. "మీ అమ్మ కట్టలేదు, నేను కట్టలేదు, నువ్వు కట్టుకో బిడ్డా" అని మా ఆడపడుచు కూతురి పెళ్లికి నా చేత కట్టించారు. ఆ చీరలో నన్ను నేను చూసుకొని గర్వపడినందుకు నాకు ఏ సంకోచమూ లేదు, ఎందుకంటే అది మా ముగ్గురి గర్వం.

ఇప్పుడు వేళకు తింటున్నాను, వ్యాయామం చేశాకే పనిలో కూర్చుంటున్నాను. మధ్యాహ్నాలు మా యంత్రం ఖాళీగానే ఉంటుంది. భుజం నొప్పితో బాధపడుతున్న వాళ్లు ఎవరైనా నూలు తెచ్చుకొని ఇక్కడే ఆసు పోసుకోవచ్చు. ముందుగా మా అత్తమ్మకు ఒక మాట చెబితే చాలు.