పాట విన్నాక లేచి నడవాలి

సంపాదకులకు,

ఒళ్లునొప్పులకు ఒక రాగం, తలనొప్పికి ఇంకో రాగం, నిద్రకు మరొకటి అంటూ ఒక పట్టీ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఒళ్లంతా నెలల తరబడి నొప్పి పెట్టే జబ్బు, ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లలో కొందరు దాన్ని భద్రంగా దాచుకుని, నచ్చినా నచ్చకపోయినా ఆ రాగాలే పెట్టుకుని వింటున్నారు. ఈ జబ్బులో సంగీతం నొప్పి తగ్గిస్తుందన్న మాటకు ఆధారం ఉంది. ఫలానా రాగమే తగ్గిస్తుందన్న మాటకు లేదు. నచ్చని పాటను కషాయంలా మింగితే వచ్చేది విసుగే.

మెక్సికో, డెన్మార్క్ పరిశోధకులు కలిసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో 22 మంది ఫైబ్రోమయాల్జియా రోగులు పాల్గొన్నారు. ఎవరి పాటలు వాళ్లే ఎంచుకున్నారు. వినడానికి హాయిగా ఉండాలి, లయ నిమిషానికి 120 దెబ్బల లోపు ఉండాలి, అంతే. 10 నిమిషాలు విన్నాక నొప్పి తగ్గింది. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి పట్టే సమయమూ తగ్గింది. పాట బదులు ఒకే తీరుగా సాగే రొద వినిపించినప్పుడు ఈ మార్పు రాలేదు. రకరకాల దీర్ఘకాలిక నొప్పుల మీద జరిగిన 14 పరీక్షలను 2017లో కలిపి విశ్లేషిస్తే, పరిశోధకులు ఎంచిపెట్టిన పాటల కన్నా రోగి తానే ఎంచుకున్నవి ఎక్కువ పనిచేశాయని తేలింది. ఇవి చిన్న అధ్యయనాలే. నొప్పి పోతుందని ఎవరూ అనలేదు, తగ్గుతుందన్నారు.

ఈ జబ్బులో కండరానికో కీలుకో దెబ్బ తగిలి నొప్పి రాదు. నొప్పిని లెక్కగట్టే నాడీవ్యవస్థే అతిగా స్పందిస్తుంది. వీధిలో పిల్లి నడిచినా దొంగొచ్చాడని అరిచే కాపలా కుక్కలాగా. అందుకే రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు మామూలుగా వస్తాయి. ఇంట్లోవాళ్లు 'అన్నీ బాగానే ఉన్నాయిగా' అంటారు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు దీనికి పెద్దగా పనిచేయకపోవడానికీ కారణం ఇదే. అయినా నెలల తరబడి మింగేవాళ్లున్నారు. ఈ బిళ్లలు కిడ్నీలకు హాని చేయగలవు కాబట్టి, కిడ్నీ జబ్బుల భయం తెలిసిన ఉత్తరాంధ్రలో ఈ అలవాటు మరీ చెడ్డది.

ఇక వినడం ఎలాగో చెబుతాం. మనసుకు నచ్చిన పాటలు నాలుగైదు ఎంచుకోండి. పాత సినిమా పాటైనా, కీర్తనైనా, వీణైనా, చర్చిలో పాడే పాటైనా, ఖవాలీ అయినా ఒకటే. లయ కొలవడానికి వాచీ చూస్తూ 15 సెకన్లపాటు వేలితో తాళం వేయండి. 30 దెబ్బలు దాటితే ఆ పాటను పక్కన పెట్టండి. తప్పెటగుళ్ల దరువు వింటే ఎవరికైనా హుషారొస్తుంది, కానీ అది తర్వాత నడిచేటప్పటికి ఉంచుకోవాలి. పాటలను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎందుకంటే రెండు పాటల మధ్య పెద్ద గొంతుతో ఊడిపడే ప్రకటనకు ఒళ్లు ఉలిక్కిపడుతుంది, అప్పటిదాకా సడలిన మెడా భుజాలూ మళ్లీ బిగుస్తాయి. రేడియోతో ఇబ్బందీ ఇదే, పాట మన చేతిలో ఉండదు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

వినే ముందు నొప్పికి 0 నుంచి 10 లోపు ఒక అంకె వేసి రాసుకోండి. కుర్చీలో వెన్ను ఆనించి, పాదాలు నేలకు తగిలేలా కూర్చోండి. మంచం మీద పడుకుని వింటే చాలామంది మళ్లీ లేవరు. 10 నిమిషాలు వినండి, ఆ సేపు వంటపనీ కబుర్లూ వద్దు. ఆగాక మళ్లీ అంకె వేసి, వెంటనే లేవండి. అసలు కీలకం ఇక్కడే ఉంది. 2017లో వెలువడిన యూరప్ రుమటాలజీ నిపుణుల సిఫారసుల్లో, మందులతో సహా అన్ని చికిత్సలనూ తూచి, గట్టిగా సిఫారసు చేసినది వ్యాయామం ఒక్కటే. నొప్పి భయంతో ఆ వ్యాయామమే మొదలుపెట్టలేని మనిషికి పాట ఇచ్చే కాస్త వెసులుబాటు ఎంతో విలువైనది. దాన్ని సోఫాలో కూర్చుని ఖర్చు చేయకూడదు.

మొదట 5 నిమిషాల నడక చాలు. బీచ్ రోడ్డు పేవ్‌మెంట్ మీద నడవండి, ఇసుకలో వద్దు. ఇసుకలో పాదం దిగబడి పిక్కలు ఇంకా ఎక్కువ పనిచేయాలి. కైలాసగిరి మెట్ల జోలికి అసలే పోవద్దు. ఒంటికి పడితే వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచండి.

దెబ్బతినేది ఎక్కువగా ఈ దశలోనే. ఒళ్లు తేలికపడిందని అదే పూట దుప్పట్లు ఉతకడం, అటక సర్దడం, పూర్ణా మార్కెట్‌కు వెళ్లి రెండు సంచులు మోసుకురావడం. మర్నాడు మంచం దిగలేకపోవడం. 'పాట వల్లే ఎక్కువైంది' అనడం. ఎక్కువైంది పాట వల్ల కాదు, పని వల్ల. హాయిగా అనిపించిన రోజు కూడా నిన్నటి లెక్కే నడవాలి.

ఫైబ్రోమయాల్జియాలో చాలామందికి స్పర్శా చప్పుడూ కూడా బాధపెడతాయి. తలకు బిగిసే హెడ్‌ఫోన్ కణతల దగ్గర నొక్కి కొత్త నొప్పి తెస్తుంది. చిన్న స్పీకర్‌ను చేయిచాపు దూరంలో పెట్టుకోవడం మేలు. ఇయర్‌ఫోన్లు తప్పవనుకుంటే ఫోన్ వాల్యూమ్ 60 శాతం దాటనివ్వకండి. మన విశాఖ ఉక్కపోతలో వాటిని గంటలకొద్దీ చెవిలో ఉంచితే తేమ చేరి ఫంగస్ పడుతుంది. రబ్బరు బుడిపెలను కడిగి, పూర్తిగా ఆరాకే వాడాలి. తలనొప్పి వచ్చిన రోజు పాట మానేయండి, మైగ్రేన్‌కు చప్పుడు పడదు.

పాట ఎంత ఇష్టమైనదైనా, పోయిన మనిషినో పాత గొడవనో గుర్తుచేసేదైతే తీసేయండి. మనసు ఆ జ్ఞాపకం చుట్టూ తిరిగితే నొప్పి పెరగొచ్చు. ఒకే నాలుగు పాటలు నెలంతా మోగితే మొహం మొత్తుతుంది, వారానికి ఒకటి మార్చండి. రాత్రి వినేవాళ్లు 30 నిమిషాలకు ఆగిపోయేలా టైమర్ పెట్టుకోవాలి. అసలే ఈ జబ్బులో నిద్ర పలచన, తెల్లవార్లూ మోగే ఫోన్ దాన్నీ చెడగొడుతుంది.

ఇదంతా జబ్బు ఫైబ్రోమయాల్జియానే అని డాక్టర్ తేల్చిన తర్వాతి మాట. ఒళ్లంతా నొప్పి 3 నెలలకు పైగా ఉండాలి. థైరాయిడ్, రక్తహీనత, కీళ్లవాతం లాంటివి కూడా ఉన్నాయేమో చూడాలి. కీళ్లు వాచినా, జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా, ఒక చేయో కాలో పట్టు తప్పినా పాటలతో కాలక్షేపం చేయొద్దు. ఈ జబ్బుకు డాక్టర్లు రాసే ప్రిగాబాలిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ మందులు వాడుతున్నవాళ్లు నొప్పి తగ్గిందని వాటిని ఉన్నపళంగా ఆపకూడదు.

నగరంలోని ఆసుపత్రులకు, ముఖ్యంగా కేజీహెచ్, విమ్స్‌లకు ఒక సూచన. ఫిజియోథెరపీకి వచ్చే ఫైబ్రోమయాల్జియా రోగులను వ్యాయామానికి ముందు 10 నిమిషాలు తమ పాటలు విననివ్వండి. ఇందుకు కొత్త పరికరాలు అక్కర్లేదు. కాస్త నిశ్శబ్దంగా ఉండే మూల, వెన్ను ఆనే కుర్చీలు, నేల మీద 3 మీటర్ల గీత, సెకన్లు చూపే గడియారం ఉంటే సరిపోతుంది. హాలంతటికీ కలిపి ఒకే స్పీకర్‌లో ఒకే పాట పెట్టకండి, ఎంపిక రోగి చేతిలోంచి జారిపోతుంది. విన్న ముందూ తర్వాతా నొప్పి అంకె, నడక సమయం కేస్‌షీట్‌లో రాయండి. 4 వారాలకు ఆ అంకెలు కదలకపోతే ఆ రోగికి పాట ఆపేసి, ఆ 10 నిమిషాలు కూడా వ్యాయామానికే ఇవ్వండి.

ఇట్లు
కొందరు ఫిజియోథెరపిస్టులు,
విశాఖపట్నం