శాలువా కప్పే ముందు పుస్తకం తిరగేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఏటా జూలై మొదటి వారంలో జిల్లా పేజీల్లో ఒకే రకం ఫొటో కనిపిస్తుంది. వేదిక మీద అయిదారుగురు, మధ్యలో ఒక ఆడిటర్ గారు, భుజాల మీద శాలువా, చేతిలో మెమెంటో. కింద రాత కూడా ఒకటే: ‘వృత్తికి, సమాజానికి చేసిన సేవలకు గాను ఘనంగా సన్మానించారు’. ఆ సేవలేమిటో ఎక్కడా ఉండదు. మేం లెక్కలు రాసేవాళ్లం, రాసిన లెక్కలు తనిఖీ చేసేవాళ్లం. వివరం లేని పద్దు కంటపడితే ‘ఇది దేనికి?’ అని పక్కన పెన్సిల్‌తో గీత పెట్టడం మాకు అలవాటు. ఈ ఉత్తరం ఆ గీతే అనుకోండి.

సన్మానాలు వద్దని మా మాట కాదు. చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం కింద ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది 1949 జూలై 1న. అందుకే ఆ రోజు పండగ. అప్పట్లో దేశం మొత్తమ్మీద సభ్యులు 1,700 మంది దాకా ఉండేవారు. ఇప్పుడు నాలుగు లక్షలు దాటారు. మహిళలు ఆడిట్ వృత్తిలోకి రావడమే వింతగా చూసిన కాలంలో, 1933లో, ఆర్. శివభోగం గారు ప్రభుత్వ అకౌంటెన్సీ డిప్లొమా పాసై దేశంలో తొలి మహిళా ఆడిటర్ అయ్యారు. కష్టంలో పడ్డ సభ్యుల కుటుంబాలను ఆదుకోవడానికి 1962లోనే సంక్షేమ నిధి పెట్టుకున్నారు. తలుచుకోవాల్సింది చాలానే ఉంది. మా పేచీ ఎంపిక మీద. ఇన్‌స్టిట్యూట్ బ్రాంచి పదవులు చేసినవారికి, సీనియారిటీ ఉన్నవారికి, సభకు విరాళమిచ్చినవారికి శాలువాలు వరస తప్పకుండా అందుతున్నాయి. ‘నామినేషన్ రుసుము’ కట్టించుకుని స్టార్ హోటల్లో అవార్డులు పంచే సంస్థలు కూడా బయల్దేరాయి. డబ్బు కట్టి తెచ్చుకున్నది ఏ ఖాతాలో రాయాలో అకౌంటెంట్లకు మళ్లీ చెప్పాలా? ప్రచారం ఖర్చు కింద!

అసలు సేవ ఎలా ఉంటుందో ఒక డ్వాక్రా సంఘం పుస్తకంలో చూపిస్తాం. స్వయం సహాయక సంఘాలకు పంచసూత్రాలున్నాయి: క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. అయిదోది తప్పితే మిగతా నాలుగూ సరిగా ఉన్నాయో లేదో తేల్చేవారే ఉండరు. ఆ అయిదోది చేసేది గ్రామ సంఘం వీవోఏ (విలేజ్ ఆర్గనైజేషన్ అసిస్టెంట్), అంటే పాత పిలుపులో యానిమేటర్.

పదిమంది సభ్యుల సంఘం. మార్చి 31 నాటికి నగదు పుస్తకం ప్రకారం బ్యాంకులో ఉండాల్సింది 50,150 రూపాయలు. పాస్‌బుక్ ప్రింటు వేయిస్తే 46,032 వచ్చింది. తేడా 4,118. తెలియని మనిషైతే గాభరాపడి ఒక అంకె దిద్దేసి సరిపెడుతుంది. తెలిసిన మనిషి దేన్నీ దిద్దదు, కాగితం తీసుకుని బీఆర్ఎస్ వేస్తుంది. (పార్టీ కాదు, బ్యాంక్ రికన్సిలియేషన్ స్టేట్‌మెంట్: పుస్తకానికీ పాస్‌బుక్‌కూ తేడా ఎక్కడుందో చూపే పట్టీ.) 31వ తేదీ సాయంత్రం మీటింగులో తలా 400 చొప్పున వసూలైన వాయిదా 4,000 ‘బ్యాంకులో జమ’ అని అదే రోజు రాసేశారు. ఏప్రిల్ 1న బ్యాంకులు వార్షిక లెక్కలు ముగించుకుంటూ ఖాతాదారుల పనులు చూడవు. డబ్బు కట్టింది 2న. మిగతా 118 బ్యాంకు కోసుకున్న చార్జీ: వంద రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. సంఘం పుస్తకంలో ఆ పద్దు పడలేదు. 50,150లోంచి 4,000, 118 తీసేస్తే 46,032. పుస్తకం, పాస్‌బుక్ కలిశాయి.

ఇక్కడితో అయిపోతే అది గుమాస్తా పని. మంచి అకౌంటెంటు ఏప్రిల్, మే నెలలు కూడా తిరగేస్తుంది. ఏప్రిల్ 30న వసూలైన వాయిదా బ్యాంకులో పడింది జూన్ 2న, మే 31న వసూలైనది జూలై 2న అనుకోండి, ఇక అది సెలవు వల్ల వచ్చిన తేడా కాదు. ఎవరో నాలుగు వేలు వాడేసుకుని, ఈ నెల వసూలుతో పోయిన నెల గుంట పూడుస్తున్నారు. మొత్తం ఎప్పటికైనా కలుస్తుంది కాబట్టి ఏడాది చివర తేరీజు (ఖాతాల మొత్తాల పట్టీ) చూసే ఆడిటర్‌కు ఇది దొరకదు. తేదీలు పక్కపక్కన పెట్టి చూసినవారికే దొరుకుతుంది. ఈలోగా సంఘం బ్యాంకు దగ్గర ఓవర్‌డ్యూ జాబితాకెక్కుతుంది. సకాలంలో కట్టిన సంఘాలకే దక్కే వడ్డీ రాయితీ పోతుంది. ఏ తప్పూ చేయని తొమ్మిదిమంది కూడా నష్టపోతారు. దీనికి మందు కూడా ఖరీదైందేం కాదు. డబ్బు వసూలు చేసే మనిషి, పద్దు రాసే మనిషి వేరువేరుగా ఉండాలి. ప్రతి మీటింగుకూ పాస్‌బుక్‌లో తాజా ప్రింటు వేయించాలి, చివరి నిల్వను అందరికీ వినబడేలా చదవాలి. ఇలా చదివే వీవోఏకు ఊళ్లో శత్రువులే ఎక్కువ. ఆమెకు శాలువా కప్పిన ఫొటో మీ పేజీల్లో ఎన్నిసార్లు వచ్చిందో ఒకసారి పాత సంచికలు తిరగేయండి. సన్మానం మాట దేవుడెరుగు, గౌరవ వేతనం ఏ నెలది ఆ నెల ఇస్తే అదే పదివేలు అనేవాళ్లే వీవోఏల్లో ఎక్కువ.

నాలుగు వేల తేడాకు ఇంత రాద్ధాంతమా అనుకోవద్దు. సత్యం కంప్యూటర్స్‌లో జరిగింది కూడా మూలంలో బ్యాంకు నిల్వ గొడవే. ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ కంపెనీ చైర్మనే 2009 జనవరి 7న లేఖ రాశారు. బ్యాంకు నిల్వల ధ్రువీకరణ పత్రం ఆడిటర్ నేరుగా బ్యాంకుకు రాసి, నేరుగా తనే తెప్పించుకోవాలి తప్ప కంపెనీ వాళ్ల చేతి మీదుగా అందుకోకూడదనే నియమం హైదరాబాద్ వాళ్లకు గట్టిగా అర్థమైంది అప్పుడే. ఊళ్లో పాస్‌బుక్ ప్రింటు అడిగే ఆవిడ పాటిస్తున్నది కూడా ఆ నియమాన్నే.

ఇక ట్రస్టుల సంగతి. అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాలు, చిన్న బడులు నడిపే ట్రస్టులకు ఫీజు తీసుకోకుండా లెక్కలు చూసే ఆడిటర్లు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వాళ్ల పని క్యాలెండర్‌తో కుస్తీ. దాతల వివరాల పట్టిక మే 31లోగా వేయాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు. ఆడిట్ రిపోర్టు సెప్టెంబర్ 30, రిటర్ను అక్టోబర్ 31. ఇవి దాటితే పన్ను మినహాయింపుకే ఎసరు రావచ్చు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి సెక్షన్ల నెంబర్లన్నీ మార్చింది గానీ ఈ చాకిరీని తగ్గించలేదు. పొరపాట్లు ఎక్కడ పడతాయో చూడండి. దాత పాన్ నెంబరు చేత్తో రాసిస్తారు, అందులో ఉన్నది ఇంగ్లిష్ ‘O’ అక్షరమో సున్నానో తెలియదు. మొదటి అయిదూ అక్షరాలు, తర్వాత నాలుగూ అంకెలు, చివరిది మళ్లీ అక్షరం అని తెలిసిన టైపిస్టు వెంటనే సరిచేస్తుంది. తెలియనివారు వేసిన పట్టిక వల్ల దాతకు మినహాయింపు రాదు, మరుసటి ఏడాది విరాళం కూడా రాదు. రెండు వేలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి దాతకు పన్ను మినహాయింపు లేదని రసీదు పుస్తకం అట్ట మీదే రాసి పెట్టించిన ఆడిటర్లున్నారు. ‘ఒక దాత’ అని పేరు లేకుండా రాసిన జమలు పరిమితి దాటితే వాటి మీద 30 శాతం పన్ను. మూలధనం కోసం ఇచ్చామని దాత స్పష్టంగా చెప్పకపోతే అది మామూలు విరాళం కిందికే వెళ్తుంది. వీటిలో ఏ ఒక్కటి జరగకుండా ఆపినా పిల్లల ఒక నెల బియ్యం మిగిలినట్టే. ఏ నష్టమూ జరగలేదు గనుక ఎవరికీ తెలియదు, వేదిక మీదికి పిలవాలని ఎవరికీ తోచదు.

ఇంతకంటే చిక్కు విషయం ఇంకొకటుంది. అది సన్మానించేవారి గురించి. ఒక సొసైటీ తన వార్షికోత్సవంలో తన ఆడిటర్‌కే ఉంగరం తొడిగి సన్మానిస్తుంది. అభిమానంతోనే కావచ్చు. కానీ వచ్చే నెల ఆ సొసైటీ లెక్కల మీద ఆయన ‘సక్రమంగా ఉన్నాయి’ అని సంతకం పెడితే ఆ సంతకాన్ని సభ్యులు ఎలా చదువుకోవాలి? ఆడిట్ చేయించుకునేవారి నుంచి నామమాత్రానికి మించిన కానుకలు పుచ్చుకోకూడదని వృత్తి నియమావళి చెబుతూనే ఉంది. కాబట్టి ఎవరి లెక్కలు చూస్తున్నారో వారు ఆ కాలంలో సన్మానం చేయకపోవడమే మర్యాద. బాధ్యత నుంచి తప్పుకున్నాక నిండు సభలో చేయండి, ఎవరూ కాదనరు. ఫ్లెక్సీలతోనూ జాగ్రత్త. 1949 చట్టం మొదటి షెడ్యూల్లోని 6, 7 క్లాజుల ప్రకారం సీఏలు క్లయింట్ల కోసం వెంపర్లాడటం, తమ గురించి తాము ప్రచారం చేసుకోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. కాలాన్ని బట్టి కొంత సడలించినా మూలం అదే. అభిమానులు సెంటర్లో ఆయన ఫొటో, సంస్థ పేరు, ఫోన్ నెంబరుతో పది అడుగుల ఫ్లెక్సీ కడితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆయనే.

మరి ఎలా ఎంచాలి? గుంటూరు, విజయవాడ, విశాఖ, హైదరాబాద్ బ్రాంచిలూ, జిల్లా సమాఖ్యలూ, లయన్స్, రోటరీ క్లబ్బులూ జూలైకి ముందు మూడు నెలలు తీసుకుంటే చాలు. సిఫార్సు ఉత్తరాలు వద్దు, కాగితాలు అడగండి. ఆ మనిషి చూసిన ఒక సంస్థవి వరసగా అయిదేళ్ల దాఖలు రసీదులు తెప్పించి గడువు తేదీతో పోల్చండి. ఆడిట్ రిపోర్టు మీద యూడీఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నెంబరు ఉంటుంది: అక్షరాలు, అంకెలు కలిపి 18, మొదటి రెండూ సంవత్సరం, తర్వాత ఆరూ సభ్యత్వ నెంబరు. దొంగ సంతకాల బెడద వల్ల 2019లో తప్పనిసరి చేసిన ఈ నెంబరును ఇన్‌స్టిట్యూట్ పోర్టల్లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. సంఘమైతే ఏవైనా మూడు నెలల బీఆర్ఎస్‌లు అడగండి. అవి ఉన్నాయా లేవా అన్నదే సగం జవాబు. సహకార పరపతి సంఘమైతే సభ్యుల విడివిడి అప్పు ఖాతాల మొత్తం, జనరల్ లెడ్జర్లోని అప్పుల మొత్తం కలుస్తున్నాయా అని ఒక్క ప్రశ్న వేయండి. 2022లో కేంద్రం ఆమోదించిన కంప్యూటరీకరణలో ఈ సంఘాలు చాలాచోట్ల తట్టుకుని పడింది అక్కడే. పాత పుస్తకాల్లోని తేడా ప్రారంభ నిల్వలోకే ఎక్కేస్తే సాఫ్ట్‌వేర్ దాన్నే అందంగా అచ్చు వేసి చూపిస్తుంది. ఎక్కించే ముందే రాత్రింబవళ్లు కూర్చుని ఖాతా ఖాతా కలిపిన గుమాస్తాలు, కార్యదర్శులు ఉన్నారు. వాళ్లు సీఏలు కాకపోవచ్చు. సన్మానానికి డిగ్రీ ఎందుకు?

ఇంకొక కొలబద్ద: ఎవరిని తయారు చేశారు? సీఏ విద్యార్థి ఆడిటర్ దగ్గర పని నేర్చుకునే ఆర్టికల్‌షిప్ 2023 నుంచి మూడేళ్లకు బదులు రెండేళ్లే. ఆ రెండేళ్లలో ఆ విద్యార్థిని బ్యాంకు క్యూలకు, కొరియర్లకు తిప్పితే నేర్చేదేముంటుంది? తన దగ్గర చేరినవాళ్లతో స్టాకు లెక్కపెట్టించి, వోచర్లు చూపించి, పరీక్షకు సెలవిచ్చి పంపే ఆడిటర్ పేరు ఆ ఊరి విద్యార్థులందరికీ తెలుసు. వాళ్లనే అడగండి, రహస్యంగా.

ఊరి లెక్క రాసిన కరణం గురించి మన సామెతల్లో మంచి మాట దొరకడం కష్టం. 1984లో ఆ వ్యవస్థే పోయింది. లెక్కలవాణ్ని అనుమానంగా చూడటం మనకు పాత అలవాటు, చూడకుండా పొగడటం కొత్త అలవాటు. రెండింటిలోనూ పుస్తకం తెరిచిన వాళ్లెవరూ లేరు.

శాలువా, మెమెంటోల ఖర్చుతో సంక్షేమ నిధికి ఆ వ్యక్తి పేరున చందా కట్టొచ్చు. లేదా గ్రామ సంఘానికి తాళం పడే ఇనప బీరువా కొనివ్వొచ్చు. వర్షానికి తడిసిన తీర్మానాల పుస్తకాలు మేం చాలా చూశాం.

మీకు మా విన్నపం చిన్నది. ఈసారి ఇలాంటి ఫొటో వచ్చినప్పుడు ‘ఏ సంస్థకు, ఎన్నేళ్లు, ఏ పని చేశారు?’ అని పంపినవారిని అడిగి ఆ ఒక్క వాక్యం ఫొటో కింద వేయండి. జవాబు రాకపోతే ఆ జాగాలో ఆ వారం పత్తి ధర వేసుకోండి.

ఇట్లు,
కొందరు ఆడిటర్లు, అకౌంటెంట్లు
గుంటూరు