శీనూ, మీ అమ్మకి చెప్పాల్సింది నువ్వేరా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "అమ్మకీ మా ఆవిడకీ మధ్య నలిగిపోతున్నానురా" అని నాలుగుచోట్ల రాశావు. నువ్వొక్కడివే కాదు, మీ ఇంట్లో ముగ్గురూ నలుగుతున్నారు. పెళ్ళయి నాలుగు నెలలే కాబట్టి ఇప్పుడు చక్కబెట్టుకోవడం తేలిక. రెండేళ్ళు పోతే ప్రతి మాటకీ పాత లెక్కలు తవ్వాల్సొస్తుంది. అందుకే ఆలస్యం చెయ్యకుండా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

"నువ్వే అమ్మకి నచ్చజెప్పుకో అని మా ఆవిడతో అన్నాను" అని రాశావు చూడు, తప్పు అక్కడే జరిగింది. మీ అమ్మకి చెప్పాల్సింది నువ్వు చెప్పాలి. చెల్లెమ్మ పుట్టింటివాళ్ళకి చెప్పాల్సింది చెల్లెమ్మ చెప్పాలి. కొడుకు అన్న మాటకి అమ్మకి ఆ పూట కోపమొస్తుంది, రాత్రికి "అన్నం తిన్నావురా" అని తనే పిలుస్తుంది. అదే మాట కోడలి నోట వస్తే అక్కడితో ఆగదు. మధ్యాహ్నం మీ అక్కకి ఫోనులో చేరుతుంది, అక్కణ్ణించి పెద్దమ్మకి, పెద్దమ్మ దగ్గరికి చేరేసరికి చిలవలు పలవలు వచ్చేస్తాయి. మీ మామగారికీ అంతే. నువ్వొక మాట అంటే "అల్లుడు మనల్ని చులకన చేశాడు" అవుతుంది, కూతురు అంటే ఏమీ కాదు.

ఎలాగూ ఆషాఢం వస్తోంది. మొదటి ఆషాఢం కాబట్టి చెల్లెమ్మ పుట్టింటికి వెళ్తుంది. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదన్న ఆచారం సంగతి అలా ఉంచు, నీకు మాత్రం అమ్మతో తీరిగ్గా మాట్లాడ్డానికి నెలరోజులు దొరుకుతాయి. కోడలు పక్కగదిలో ఉండగా చెప్పిన మాట ఎంత మంచిదైనా "అది నేర్పించింది" అనిపిస్తుంది. తను ఊళ్ళో లేనప్పుడు చెప్తే అది నీ మాటే అవుతుంది.

ఎప్పుడు చెప్పాలో కూడా చూసుకో. నువ్వు ఆఫీసుకి బయల్దేరే హడావుడిలో వద్దు, టీవీలో సీరియల్ నడుస్తుండగా వద్దు, మీ అక్క వచ్చి కూర్చున్నప్పుడు అసలే వద్దు. సాయంత్రం అమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంటుందే, అప్పుడు పక్కన చేరి నువ్వూ గుప్పెడు తీసుకుని ఈనెలు తియ్యి. చేతిలో పనుంటే ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, మాట గట్టిగా రాదు. ఒక రోజు ఒకటే విషయం. అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే అమ్మకి అది పంచాయితీలా ఉంటుంది.

మాటల్లో మూడు జాగ్రత్తలు. "తను బాధపడుతోందమ్మా" అనొద్దు, అది ఫిర్యాదు అవుతుంది. "నాకు అలా ఇష్టం లేదమ్మా, నేనిలా అనుకుంటున్నాను" అను. "ఎప్పుడూ ఇంతే నువ్వు" అనొద్దు, ఫలానా రోజు జరిగింది మాత్రమే చెప్పు. పిన్ని కోడలితోనో పక్కింటావిడతోనో పోలిక తేవొద్దు. అమ్మ ఏడిస్తే మాట వెనక్కి తీసుకోకు, గట్టిగానూ అరవకు. మంచినీళ్ళిచ్చి, "రేపు మాట్లాడుకుందాంలే" అని లేచి, మర్నాడు నిజంగానే మళ్ళీ కూర్చో. ఏడుపు చూసి వదిలేస్తే ఆ విషయం ఇంక ఎప్పటికీ తెమలదు.

ఇప్పుడు వంటింటి గొడవ. పోపులపెట్టె గట్టు మీంచి అలమరలోకి మార్చిందని మూడు రోజులు మాటలు లేవన్నావు. అది చిన్న విషయం కాదురా. ముప్ఫై ఏళ్ళుగా అమ్మ చెయ్యి చూడకుండానే ఆవాల గిన్నె మీదికి వెళ్తుంది. నూనె కాగుతుంటే పెట్టె అక్కడ లేకపోతే ఈ వంటిల్లు తనది కాదని ఒక్క క్షణంలో అనిపిస్తుంది. చెల్లెమ్మకేమో నూనె జిడ్డు అంటుకుంటోందని మంచి ఉద్దేశమే. మొదటి ఏడాది పోపులపెట్టె, ఉప్పు జాడీ, చింతపండు డబ్బా ఉన్నచోటు మార్చొద్దని చెల్లెమ్మకి చెప్పు. తనకంటూ ఒక అర పూర్తిగా ఖాళీ చేయించి ఇవ్వు, అందులో అమ్మ చెయ్యి పెట్టకూడదు.

పని పంచుకోవడంలో ఒకరు తరిగితే ఇంకొకరు వండడమన్న పద్ధతి పెట్టకు. తరిగినవాళ్ళు పనిమనిషి, వండినవాళ్ళు యజమాని అయిపోతారు. పూటలవారీగా పంచు. చెల్లెమ్మ 8 గంటలకి బడికి బయల్దేరాలి కాబట్టి పొద్దున్న టిఫినూ క్యారేజీలూ తనవి, మధ్యాహ్నం వంట అమ్మది, రాత్రి నువ్వూ చెల్లెమ్మా. ఎవరి పూట వాళ్ళదే రుచి, వాళ్ళదే ఉప్పూ కారం. నాన్నకి బీపీ కాబట్టి ఆయన పప్పులో ఉప్పు ఎంతో ఒకసారి డాక్టరు చేతే చెప్పించు, రోజూ కంచం ముందు అదొక తగువు కాకుండా పోతుంది. రాత్రిపూట నువ్వు నిజంగా వంటింట్లో నిలబడాలి సుమా. పేరుకి నీ పేరు పెట్టి, పని తన మీద వదిలేస్తే ఈ పంపకం వారం కూడా నిలవదు.

అమ్మ కోపానికి ఇంకో కారణం నీ ఉత్తరంలోనే కనపడింది, నువ్వు గమనించలేదు. పెళ్ళికి ముందు ఇంటిఖర్చు డబ్బు అమ్మ చేతికిచ్చేవాడివి. పెళ్ళయిన రెండో నెలనుంచీ చెల్లెమ్మ చేతికిస్తున్నావు. అమ్మతో ఒక్క మాట అనలేదు. ఆవిడ దృష్టిలో తాళంచెవులు లాక్కున్నట్టే. పాలు, కూరలు, పనిమనిషి జీతం, పూలూ దీపారాధన నూనె, ఈ డబ్బు మళ్ళీ ఒకటో తారీకున అమ్మ చేతిలో పెట్టు. కిరాణా, కరెంటు, గ్యాసు, ఇంటర్నెట్టు నువ్వు చూసుకో. ఇవి కాక అమ్మ పేరునున్న బ్యాంకు ఖాతాలోకి నెలకింత అని వెయ్యి, దానికి లెక్క అడగొద్దు. మీ అక్క పిల్లలకి గాజులు కొనుక్కున్నా సరే. చెల్లెమ్మ జీతం మాత్రం తన ఖాతాలోనే ఉండాలి. ఎంతొస్తోందని ఎవరైనా అడిగితే జవాబు నువ్వే చెప్పు.

ఇక నగల సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకున్నావు గానీ అన్నిటికంటే ఇదే ముఖ్యం. చెల్లెమ్మ బంగారం మొత్తం అమ్మ బీరువాలో ఉందనీ, తను పేరంటానికి గొలుసు కావాలంటే అమ్మని అడగాల్సి వస్తోందనీ రాశావు. ఆ నగలు చెల్లెమ్మవి. పుట్టింటివాళ్ళు పెట్టినవీ, మీరు పెట్టినవీ, చుట్టాలు చదివించినవీ అన్నీ స్త్రీధనమే. అత్తింటివాళ్ళ దగ్గర ఉన్నా అవి నమ్మకం మీద దాచినవేననీ, అడిగినప్పుడు ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరం కింద కేసు పెట్టొచ్చనీ సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో 6వ సెక్షను ఇంకొకటి చెప్తుంది. పెళ్ళికి ముందు కట్నంగా ఎవరి చేతికి ఏమొచ్చినా, పెళ్ళయిన 3 నెలల్లోపు అమ్మాయికి అప్పగించి తీరాలి. మీ పెళ్ళయి నాలుగు నెలలు. అమ్మని భయపెట్టడానికి ఇది వాడకు, నువ్వు తెలుసుకోవడానికి రాస్తున్నాను.

అడిగే తీరు ఇది. "నగలు ఇచ్చెయ్యమ్మా" అనొద్దు. "బ్యాంకులో లాకరు తీసుకుంటున్నానమ్మా, ఇంట్లో ఇంత బంగారం ఉండటం నాకు భయంగా ఉంది. నీ నగలూ అందులోనే పెడదాం, నీ సంచి వేరు, తన సంచి వేరు" అను. చాలామంది అత్తలు నగలు పట్టుకుని కూర్చునేది ఆశతో కాదు, ఎక్కడైనా పోతే మాట పడాల్సొస్తుందన్న బెంగతో. అమ్మకి ఆ బరువు దించినట్టవుతుంది.

చెల్లెమ్మ వచ్చాక ముగ్గురూ కూర్చుని చిట్టా రాయండి. వస్తువు పేరు, మొత్తం బరువు గ్రాముల్లో, రాళ్ళు తీసేసిన బంగారం బరువు, ఎవరు పెట్టారు, బిల్లుందా లేదా. హాల్‌మార్కు ఉన్నవాటి మీద ఆరు అక్షరాల, అంకెల గుర్తు సన్నగా చెక్కి ఉంటుంది, భూతద్దంతో చూసి అదీ రాసుకో. తెల్లగుడ్డ మీద పెట్టి ఒక్కో వస్తువుకీ విడిగా ఫోటో తియ్యి. మూడు కాపీలు, అన్నిటిమీదా ముగ్గురి సంతకాలు. లాకరు మీ ఇద్దరి పేరునా, ఇద్దరిలో ఎవరైనా తెరవగలిగేలా తీసుకో, నామినీ ఫారం అప్పుడే నింపు. లోపల ఏం పెట్టావో బ్యాంకుకి తెలియదు. దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి 100 రెట్ల వరకే. అందుకే చిట్టా ఒక కాపీ ఇంట్లో, ఒకటి చెల్లెమ్మ పుట్టింట్లో ఉండాలి.

మీ అక్క విషయం. రోజూ ఫోన్ చేసి "ఇవాళ ఏం వండింది" అని అడుగుతోందంటే దానికి అమ్మని నిందించి లాభం లేదు, కూతురితో మాట్లాడుకోకపోతే ఆవిడ ఎవరితో మాట్లాడుతుంది? అక్కతో నువ్వే వారానికి రెండుసార్లు మాట్లాడు. తమ్ముడు దూరమైపోయాడన్న బెంగ తగ్గితే ఆరాలు కొంత తగ్గుతాయి. ఆడపడుచు లాంఛనాల్లో చీర ఖరీదు తక్కువైందన్న మాట ఇంకా నడుస్తుంటే, ఆ లోటు నీ డబ్బుతో నువ్వు తీర్చు, వియ్యాలవారి దాకా పోనివ్వకు.

మీ బావ చిట్టీ పాటకి జామీను సంతకం అడిగాడన్నావు. వద్దురా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకీ అంతే. ముందు బావని అడిగి, ఆ తర్వాతే నీ దగ్గరికి రావాలన్న నియమం కూడా లేదు. చిట్టీవాళ్ళు నీ జీతం సర్టిఫికెట్టు అడుగుతున్నారంటేనే, ఆయన కట్టకపోతే నీ జీతం మీదికి వస్తారని అర్థం. "నేను ఎవరికీ జామీను ఉండనని పెట్టుకున్నాను బావా" అని నువ్వే చెప్పు. చెల్లెమ్మ ఒప్పుకోలేదని మాత్రం పొరపాటున కూడా అనకు, ఆ ఒక్క మాటతో తను జన్మంతా వాళ్ళకి విరోధి అయిపోతుంది. సాయం చెయ్యాలనుంటే, తిరిగి రాకపోయినా ఇల్లు కదలని మొత్తం ఎంతో నువ్వూ చెల్లెమ్మా అనుకుని బ్యాంకు ద్వారా పంపు. 20,000 రూపాయలు, ఆపైన అప్పు నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ప్రోనోటు రాయించుకుంటే కోర్టుకి వెళ్ళడానికి మూడేళ్ళే గడువు, ఈలోగా కొంత కట్టినట్టు వెనకాల సంతకంతో రాయిస్తే గడువు మళ్ళీ మొదలవుతుంది. రేపు మీ బామ్మర్ది అడిగితే ఇదే పద్ధతి, కానీ ఆ మాట చెల్లెమ్మ చెప్తుంది.

"విశేషం ఏమైనా ఉందా" అని అడిగే పిన్నులకి చెల్లెమ్మ నోరు తెరిచేలోపే నువ్వు అందుకో. "ఉంటే ముందు నీకే చెప్తాం పిన్నీ" అని మాట మార్చెయ్యి. నువ్వు నవ్వి ఊరుకుంటే ఆ ప్రశ్న తన మీదే ఉండిపోతుంది.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించాను, రాస్తున్నాను. ఇదంతా సర్దుబాటు అయ్యే తగువుల గురించి. చెయ్యి చేసుకోవడం, తిండి పెట్టకపోవడం, ఫోన్ లాక్కోవడం, పుట్టింటినుంచి డబ్బు తెమ్మనడం, వీటికి చిక్కుడుకాయలు గిల్లుతూ మాట్లాడ్డం మందు కాదు. మీ ఇంట్లో అంతదాకా రాలేదని తెలుసు. వస్తే మాత్రం ఆ రోజే చెల్లెమ్మతో కలిసి బయటికొచ్చి వేరే ఇల్లు చూసుకో. 2005 గృహహింస చట్టం కింద అత్తగారి మీదా ఆడపడుచు మీదా కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు, కాపురమున్న ఇల్లు అత్తమామల పేరున ఉన్నా కోడలికి అందులో ఉండే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మహిళల సహాయానికి 181 నంబరు. ఆ నంబరు చెల్లెమ్మ ఫోనులో నువ్వే ఎక్కించు.

శ్రావణం సంగతి ఇప్పుడే తేల్చుకో. మంగళగౌరీ వ్రతం మొదటి ఏడాది పుట్టింట్లో, వరలక్ష్మీ వ్రతం మీ ఇంట్లో అనుకుంటే, తారీకులు అమ్మ చేత ముందే చెప్పించుకుని అవే మీ మామగారికి చెల్లెమ్మ చేత చెప్పించు. తను సారెతో వచ్చేటప్పటికి మీ వీధిలోనూ చుట్టాల్లోనూ ఎన్ని ఇళ్ళకి పంచాలో అమ్మా నువ్వూ కాగితం మీద రాసి ఉంచండి. నలభై ఇళ్ళయితే నలభై, వచ్చినవి తక్కువ పడితే మిగతా లడ్లు నువ్వే మిఠాయి కొట్లో చెప్పి చేయించు. "సారె చాల్లేదు" అన్న మాట మీ గుమ్మంలో పుట్టకూడదు.

ముందు లాకరు దరఖాస్తు పెట్టు, కొన్నిచోట్ల ఖాళీ కోసం ఆగాల్సొస్తుంది. చిట్టా రాసేటప్పుడు రాళ్ళ నెక్లెసు దగ్గర నువ్వు ఆగిపోతావు, బిల్లులో నికర బరువు ఏ గడిలో ఉందో దొరకదు. ఆ బిల్లు ఫోటో తీసి పంపు, చూసి చెప్తాను.

నీ
రాజు