సిమెంటు పడని చేతులు

సంపాదకునికి,

అయ్యా,

మా ఇంటి మీద ఒక గది వేయిస్తున్నాం. పూత పనికి వచ్చిన బేల్దారి మేస్త్రి కనిగిరి వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. మొదటిరోజు మధ్యాహ్నం క్యారియర్ విప్పి, చేత్తో కలుపుకోకుండా స్పూను తీశాడు. ఏమయ్యా అని అడిగితే చేతులు చూపించాడు. వేళ్ల సందుల్లో చర్మం చిట్లిపోయి, అరచేతులు ఎండాకాలం చెరువులా బీటలు వారి ఉన్నాయి. "నాకు సిమెంటు పడదు సార్. పదేళ్ల నుంచీ ఇంతే. పని మానేస్తే నెలకి తగ్గుద్ది, మళ్లీ మాలు ముట్టుకుంటే మొదలు" అన్నాడు. రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకుని పడుకుంటాడట. వాళ్ల ఊరివాళ్లే ఇద్దరు ఈ బాధ పడలేక తాపీ పక్కన పెట్టేసి, ఒకరు ఆటో తోలుకుంటున్నారు, ఇంకొకరు టీకొట్టు పెట్టుకున్నారు.

డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ని కాబట్టి నాకు ఆ "పడదు" అనే మాట దగ్గరే ఆలోచన ఆగిపోయింది. తడి సిమెంటుకు క్షారగుణం ఎక్కువ, అది ఎవరి చర్మాన్నైనా కాలుస్తుంది. కానీ ఒకసారి మొదలై ఏళ్ల తరబడి వదలకుండా, కొద్దిగా తగిలినా తిరగబెట్టే ఈ రకం పుండుకు ముఖ్య కారణం సిమెంటులో లేశమాత్రంగా ఉండే క్రోమియం. ఇందులో తమాషా ఏమిటంటే, అతని చేతిలోని స్పూనులో, ముందున్న క్యారియర్‌లో ఉన్నదీ ఆ లోహమే. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తేనే దాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు అంటారు. మన వంటింటి గిన్నెల్లో చాలావాటిలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అది గాలి తగలగానే పైన కంటికి కనపడని పొర కడుతుంది, గీత పడినా ఆ పొర తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది. పులుసు పోసినా గిన్నె తుప్పు పట్టకపోవడానికి కారణం అదే. చీమకుర్తి క్వారీల్లో ప్రొక్లెయిన్ చెయ్యి చాచినప్పుడు అద్దంలా మెరిసే రాడ్డు మీద ఉండేదీ క్రోమియం పూతే. గట్టిదనంలో దానికి సాటి వచ్చే లోహాలు తక్కువ.

మరి గిన్నెలో మేలు చేసేది బస్తాలో కీడెందుకు చేస్తోంది? క్రోమియం ఒకే రూపంలో ఉండదు. 1797లో వోక్లాన్ అనే ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త సైబీరియా నుంచి వచ్చిన ఎర్రటి ఖనిజంలో దీన్ని కనిపెట్టినప్పుడు, దీని సమ్మేళనాలకున్న రకరకాల రంగులు చూసే గ్రీకులో రంగు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కెంపుకు ఎరుపు ఇచ్చేదీ, పచ్చకు ఆ పచ్చదనం ఇచ్చేదీ ఇదే. మా లేబొరేటరీలో పిల్లలకు ఎక్కువగా కనిపించేవి రెండు రంగులు. నారింజ రంగు డైక్రోమేటులో ఉన్నది ఆరు వేలెన్సీ క్రోమియం (వేలెన్సీ అంటే ఇక్కడ ఆ లోహపు పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు వదులుకుందో చెప్పే అంకె). ప్రయోగం చివర మిగిలే ఆకుపచ్చ ద్రావణంలో ఉన్నది మూడు వేలెన్సీది. మూడుది చర్మంలోకి అంత తేలిగ్గా దిగదు. ఆరుది నీళ్లలో కరిగి చర్మంలోకి చొచ్చుకుపోతుంది, లోపల మన మాంసకృత్తులకు అతుక్కుని ఒంటికి శత్రువులా కనిపిస్తుంది. ఇక జన్మంతా ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. దుమ్ముగా, పొగగా ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ కూడా తెస్తుంది. స్టీలు గేట్లు వెల్డింగ్ చేసే కుర్రాళ్ల సంగతి ఇంకో లేఖ రాయాల్సినంత ఉంది.

సిమెంటులోకి దీన్ని ఎవరూ కావాలని వెయ్యరు. సున్నపురాయిలో, బంకమన్నులో సహజంగానే కొంచెం ఉంటుంది. పొడి చేసే మిల్లులో తిరిగే ఇనుప గుండ్లు అరిగి ఇంకొంత కలుస్తుంది. 1450 డిగ్రీల ప్రాంతపు కొలిమి వేడిలో, గాలీ క్షారమూ తోడై, అందులో కొంత ఆరు వేలెన్సీ రూపంలోకి మారుతుంది. మేస్త్రి నీళ్లు పోసి మాలు కలపగానే అది కరిగి చేతికి అందుతుంది. ఖనిజంగా దీన్ని తవ్వి తీసేచోట పరిస్థితి ఇంకా ఘోరం. దేశంలోని క్రోమైట్ దాదాపు అంతా ఒడిశా జాజ్‌పూర్ జిల్లా సుకింద లోయలో ఉంది. ఆరు వేలెన్సీ క్రోమియం కలిసిన అక్కడి వాగుల నీళ్ల గురించి ప్రపంచమంతా రాసింది.

కనిగిరి ప్రాంతం వాళ్లకు ఇదంతా అర్థం కాదని ఎవరూ అనుకోనక్కర్లేదు. నీళ్లలో కంటికి కనపడని ఫ్లోరైడ్ ఎముకల్ని ఎట్లా వంచుతుందో మూడు తరాలుగా చూస్తున్నవాళ్లు వాళ్లు. ఆ నీళ్లూ, ఆ కరువూ తట్టుకోలేకే నెల్లూరుకూ, చెన్నైకీ, హైదరాబాదుకూ బేల్దారి పనికి వస్తున్నారు. వచ్చినచోట ఇది.

చేతికి తొడుగు ఇస్తే సరిపోదా అని నేనూ అనుకున్నాను. మొదట షాపులో దొరికిన తోలు గ్లౌజులు తెచ్చాను. తర్వాత గుర్తొచ్చింది, తోళ్లు పదును చేసేది ఎక్కువగా క్రోమియం ఉప్పుతోనే, పడనివాళ్లకు ఆ తోలు కూడా పడదు. ఇంత చదివి ఆ మాత్రం తట్టనందుకు నా మీద నాకే చిరాకేసింది. లోపల నూలు, పైన రబ్బరు ఉన్నవి తెచ్చిస్తే రెండు రోజులు వేసుకుని తీసేశాడు. తాపీ మీద పట్టు దొరకడం లేదట, పూత నునుపు రావడం లేదట. నిజమే, పూత పని సగం వేళ్లతోనే జరుగుతుంది. అందుకే జాగ్రత్త బస్తాలోనే ఉండాలి.

దానికి మందు పెద్ద విషయమేమీ కాదు, ఫెర్రస్ సల్ఫేటు. మన రైతులకు చెప్పాలంటే అన్నభేది. నారుమడి తెల్లబడితే కొంచెం నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేసే ఆ అన్నభేదే. సిమెంటును పొడి చేసేటప్పుడే నూరు కిలోలకు అరకిలో ప్రాంతంలో కలిపితే, నీళ్లు తగలగానే ఆరు వేలెన్సీ క్రోమియాన్ని మూడుకు దించేస్తుంది. నారింజ రంగు పచ్చగా మారే మా ప్రయోగం లాంటిదే. డెన్మార్క్ 1980ల మొదట్లోనే ఈ పని మొదలుపెట్టింది, అక్కడ మేస్త్రీల్లో ఈ జబ్బు తగ్గింది. 2005 జనవరి నుంచి యూరప్ దేశాల్లో సిమెంటులో కరిగే ఆరు వేలెన్సీ క్రోమియం పది లక్షల భాగాల్లో రెండు భాగాలకు మించకూడదని నిబంధన ఉంది. అన్నభేదికి తేమ తగిలితే గుణం పోతుంది కాబట్టి ఎన్నాళ్లలోపు వాడాలో బస్తా మీద ముద్రిస్తారు. మన సముద్రపు గాలికి అది మరీ అవసరం. మా మేడ మీదున్న బస్తాలన్నీ తిప్పి చూశాను. గ్రేడు ఉంది, బరువు ఉంది, తయారైన వారం ఉంది. క్రోమియం ఊసే లేదు.

ఇది చదివి మేస్త్రీలెవరూ ఎరువుల కొట్టులో అన్నభేది కొని మాలులో కలపవద్దని మనవి. కొలత, కలిపే పద్ధతి ఫ్యాక్టరీలో కుదరాల్సినవి.

ప్రభుత్వాన్ని నేను అడిగేది ఇది. జిల్లాల్లో కడుతున్న కాలనీలకూ, బడులకూ, రోడ్లకూ ప్రభుత్వమే సిమెంటు కొంటోంది. ఆ టెండరు కాగితంలో కరిగే క్రోమియం పరిమితి ఒక్క లైనుగా చేరిస్తే చాలు, కంపెనీలు వాటంతటవే దారికొస్తాయి. రెండోది, భవన నిర్మాణ కార్మికుల కోసమని కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలవుతోంది. అందులోంచి పని జరిగే ప్రతిచోటా కార్మికులకు సరైన గ్లౌజులు, బూట్లు, చేతులు కడుక్కోవడానికి విడిగా ఒక డ్రమ్ము మంచినీళ్లు ఏర్పాటు చేయించాలి. ఇప్పుడు తాపీలూ బొచ్చెలూ కడిగిన సిమెంటు నీళ్లలోనే వాళ్లు చేతులూ కడుక్కుంటున్నారు, మా ఇంట్లోనూ మొన్నటిదాకా అంతే. మూడోది, పీహెచ్‌సీల్లో ఈ పుండును గజ్జి అనో తామర అనో రాసి పంపకుండా, ఏం పని చేస్తావని ఒక్క ప్రశ్న అడగమనాలి. మా మేస్త్రికి పదేళ్లలో వాడిన పూతమందుల పేర్లు గుర్తున్నాయి గానీ, ఆ ప్రశ్న ఎవరైనా అడిగినట్టు గుర్తులేదు.

మా గది పూత ఇంకో వారంలో అయిపోతుంది. అతని తర్వాతి పని నెల్లూరులో ఒక అపార్ట్‌మెంట్ అట, ఆరు నెలలు పడుతుందట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
కావలి