దాత లేనిదే మెనిస్కస్ ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కింద మీ జిల్లా పేజీలో అరిగిన మోకాళ్లకు దాత గుజ్జు అమరుస్తున్నారని వార్త వేశారు. తెల్లారి ఏడింటికే పరకాల నుంచి మా చెల్లె ఫోన్ చేసింది. ‘అన్నా, పేపర్ల అచ్చింది చూసినవా? మన పిల్లకు గూడ ఏస్తరేమో అడుగు’ అంది. మధ్యాహ్నానికి నాతో పొద్దున నడిచే మిత్రులు ముగ్గురు అదే పేపరు పట్టుకొని ఇంటికొచ్చారు. ముగ్గురూ అరవై దాటినవాళ్లే. ఏం చెప్పాలో తెలియక ఎముకల డాక్టర్ల దగ్గరికి వెళ్లి, కూర్చొని అడిగి తెలుసుకున్నాను. చెప్పాల్సిన సంగతుల్లో సగం ఆ వార్తలో లేవు. అందుకే ఆలస్యమైనా రాస్తున్నాను.

ఆ వార్తలో గుజ్జు అన్నది నిజానికి మెనిస్కస్. అంటే తొడ ఎముకకూ కింది కాలి ఎముకకూ నడుమ నెలవంకలా ఒదిగి ఉండే మెత్త. ప్రతి మోకాలిలో రెండుంటాయి. ఎముకల చివర్లను కప్పి ఉండే గుజ్జు వేరు, ఇది వేరు. రెండింటినీ గుజ్జు అని రాసేసరికి ముసలివాళ్లందరికీ ఆశ పుట్టింది. దాత మెనిస్కస్ అమర్చేది సాధారణంగా యాభై లోపు వాళ్లకు. అదీ తమ మెనిస్కస్ తీసేశాక నొప్పితో బాధపడుతూ, ఎముకల మీది గుజ్జు ఇంకా నిలిచి ఉన్నవాళ్లకే. కాలు వంకర తిరిగినా, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ తెగినా దాన్ని కూడా సరిచేయాలి. పూర్తిగా అరిగిన మోకాలికి ఇది వైద్యం కాదు. ఈ ఒక్క ముక్క వేసి ఉంటే నా మిత్రులు అంత ఆశపడేవారు కాదు.

మా మేనకోడలి సంగతి వేరు. నేను 31 ఏళ్లు ప్రభుత్వ బడుల్లో పీఈటీగా, అంటే ఆటల మాస్టారుగా పనిచేశాను. ఆ పిల్లకు కబడ్డీ నేర్పింది నేనే. పదిహేడేళ్లప్పుడు, ఎండాకాలం, రాయిలా గట్టిపడ్డ నేల మీద కూతకెళ్లి తిరిగొస్తూ మోకాలు మెలితిప్పుకుంది. నాలుగు నెలలు పట్టీలు, మాలిష్‌లు. మోకాలు మధ్యలో పట్టేసి ఇటూ అటూ కదలకపోతే అప్పుడు పట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. చిన్న రంధ్రాలు పెట్టి ఆపరేషన్ చేసి, ‘చిరిగిన ముక్క తీసేసినం, ఇగ నొప్పి ఉండది’ అని పంపించారు. తీసింది ముక్క కాదు, బయటి వైపు మెనిస్కస్ మొత్తం. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏడేళ్ల తర్వాత వేరే డాక్టర్ ఎంఆర్‌ఐ చూసి చెబితే తెలిసింది.

ఇప్పుడు ఆమెకు ఇరవై నాలుగు. మెట్లు దిగాలంటే పక్కకు తిరిగి, రెండు చేతులా గోడ పట్టుకొని, మెట్టు మెట్టుకూ ఆగుతుంది. మేడారం జాతరకు పోయినప్పుడు నెత్తిన బంగారం (బెల్లం) ముద్ద పెట్టుకొని గద్దెల దాకా నడిచి, రాత్రికి కుండలా వాచిన మోకాలితో పడుకుంది. ఆమె రైడింగ్ చూసిన నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మెనిస్కస్ తీసేస్తే మోకాలు త్వరగా అరుగుతుందన్నది కొత్త సంగతి కాదు. ఫెయిర్‌బ్యాంక్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 1948లోనే ఎక్స్‌రేలు చూపించి చెప్పాడు. మోకాలు మడిచినప్పుడు దాని మీద పడే బరువులో దాదాపు 85 శాతం మెనిస్కస్‌లే మోస్తాయట. రక్తం అందే బయటి అంచున చిరిగితే కుట్టి కాపాడొచ్చు, అదీ తొందరగా వస్తే. మన మండలాల్లో ఏ పీఈటీకి ఈ మాట చెప్పారు? నాకు 31 ఏళ్లలో ఎవరూ చెప్పలేదు. పోటీలకు ముందు ఫ్లెక్సీలు, శాలువాలు, ఉపన్యాసాలు. పిల్ల పడ్డాక దగ్గర మంచుగడ్డ ఉండదు, ఫిజియో ఉండడు. మ్యాట్ అడిగితే ‘బడ్జెట్ రాలేదు’ అని ఏళ్ల తరబడి అదే జవాబు. మీ పత్రిక రాయాల్సింది ముందు ఇదండీ.

ఇక దాత మాట. జర్మనీలో 1984లోనే మొదలైన ఈ మార్పిడికి రక్తం గ్రూపు కలవాల్సిన పని లేదు, కానీ కొలత కలవాలి. ఎడమ కాలుదా కుడిదా, లోపలిదా బయటిదా అన్నీ సరిపోవాలి. దాత పోయాక తీసి, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేసి, గడ్డకట్టించి దాచాలి. అంటే కణజాలాలను దాచే టిష్యూ బ్యాంకు కావాలి. ముంబై టాటా ఆసుపత్రిలో 1988 నుంచి టిష్యూ బ్యాంకు ఉంది. మనకు అవయవదాన పథకం జీవన్‌దాన్ 2013 నుంచి ఉంది. కిడ్నీ, లివర్ అనగానే జనానికి తెలుసు. ఎముక, చర్మం, మెనిస్కస్ కూడా ఇవ్వొచ్చని, గుండె ఆగిన తర్వాత కూడా కొన్ని గంటల్లోపు తీసుకోవచ్చని ఎవరు చెప్పారు? కణజాలాలను కూడా చేర్చిన 2011 కేంద్ర అవయవ మార్పిడి సవరణ చట్టాన్ని స్వీకరిస్తూ మన అసెంబ్లీ 2025 మార్చిలో తీర్మానం చేసింది. తీర్మానం హైదరాబాద్‌లో అయింది, ములుగు, భూపాలపల్లి దాకా మనిషి రావాలి కదా.

నేను పోయాక నా మోకాళ్లవి ఇస్తానని డాక్టర్‌తో అన్నాను. నా వయసు వాళ్లవి పనికిరావట, చిన్న వయసు దాతలవే కావాలట. అంటే రోడ్డు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న తల్లిని ఆసుపత్రి వరండాలో అడగాలి. ఆ మాట అడగడం ఎవరికి పడితే వారికి చేతకాదు. కళ్లు అడగడం మనవాళ్లు నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగారు కాబట్టే ఈ రోజు మనిషి పోయిన ఇంట్లో ఎవరో ఒకరు కళ్ల సంగతి గుర్తుచేస్తున్నారు. ఇదీ అలాగే రావాలి.

వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021లో శంకుస్థాపన చేసిన 24 అంతస్తుల ఆసుపత్రిలో టిష్యూ బ్యాంకుకు ఒక గది కేటాయించమని అడుగుతున్నాను. ఉత్తర తెలంగాణలో ప్రతి జిల్లా ఆసుపత్రికీ దాతల ఇంటివాళ్లతో మాట్లాడేందుకు శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్‌ను ఇవ్వాలి. ఈ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉందో లేదో ప్రతి కౌంటర్ దగ్గరా తెలుగులో రాసి పెట్టాలి. నేను అడిగిన రెండు చోట్ల రెండు జవాబులు చెప్పారు. మా చెల్లె రోజూ రాత్రి ఫోన్ చేసి ‘ఏమన్నరన్నా?’ అని అడుగుతోంది.

విశ్రాంత పీఈటీ,
హనుమకొండ