36 మీటర్ల సీమ్‌కు 12 ఫిల్ములేనా?

క్వాలిటీ మేనేజర్ గారికి,

విషయం: ఎస్ఏ-358 గ్రేడ్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్), క్లాస్ 1 పైపులకు పూర్తి రేడియోగ్రఫీ (వెల్డ్ లోపలి లోపాలు చూపే, ఎక్స్‌రే లాంటి ఫిల్ము పరీక్ష) జరగకపోవడం

అయ్యా,

జీడిమెట్లలోని మా వర్క్‌షాపులో చేస్తున్న రిసీవర్ల (ప్రెషర్ ట్యాంకుల) షెల్ కోసం మీ దగ్గర 20 అంగుళాల, షెడ్యూల్ 10ఎస్ మందం వెల్డెడ్ పైపులు ఆరు కొన్నాం. ఒక్కోటి 6 మీటర్లు. ఆర్డర్‌లో క్లాస్ 1 అని రెండు చోట్ల రాశాం. అంటే రెండు వైపులా వెల్డింగ్, సీమ్ (పైపు పొడవునా ఉండే వెల్డ్ అతుకు) మొత్తానికి ఫిల్ము. ధర కూడా దానికే కట్టాం.

సర్టిఫికెట్‌లో 100 శాతం ఆర్‌టీ (రేడియోగ్రఫీ) అయిందని ఉంది. ఫిల్ములు చూపించమని మా ఇన్‌స్పెక్టర్ అడిగితే మూడు వారాలు తిప్పి 12 పంపారు. అవన్నీ వరసగా పేర్చినా 5 మీటర్ల సీమ్ కూడా రాదు. రెండింట్లో ఫిల్ము నాణ్యత తెలిపే పెనిట్రామీటర్ తీగలే కనబడలేదు. ఇంకో రెండింట్లో పోరాసిటీ (వెల్డ్‌లో చిక్కిన బుడగల) చుక్కలు అచ్చం ఒకేలా ఉన్నాయి, పైపు నంబర్లు మాత్రం వేరు. లైట్ బాక్స్ మీద ఒకదానిపై ఒకటి పెట్టి మరీ చూశాం, ఒకే సీమ్‌ను రెండు పైపులుగా చూపినట్టుంది.

ఫోన్ చేస్తే మీ సేల్స్ అతను "జాయింట్ ఎఫిషియెన్సీ 0.85 వేసుకోండి సార్, సరిపోతుంది" అన్నారు. అంటే వెల్డ్ బలాన్ని పైపు లోహంలో 85 శాతంగా లెక్కేసుకోమని. సరిపోదు. మా డిజైన్ ప్రెషర్ 2 ఎంపీఏ, అలవబుల్ స్ట్రెస్ (లోహం మీద అనుమతించే ఒత్తిడి) 138 ఎంపీఏ, తుప్పుకు వదిలేది 1 మి.మీ. ఎఫిషియెన్సీ 1 అయితే 4.66 మి.మీ. మందం చాలు. 0.85 అయితే 5.30 కావాలి. మీ పైపు 5.54, తయారీ టాలరెన్స్ 0.3 తీసేస్తే లెక్కకు దక్కేది 5.24. తక్కువైంది వెంట్రుక మందమే, కానీ ఆ లెక్క కింద సంతకం పెట్టాల్సింది మేము.

"హైడ్రో టెస్ట్ పాసైంది కదా" అని కూడా అన్నారు. అది నీళ్లు నింపి ఒత్తిడి పెట్టే పరీక్ష. ఆ రోజు పైపు కారలేదు, పగల్లేదు, అంతే. మందం మధ్యలో రెండు వైపుల వెల్డూ కలవకుండా సందు మిగిలితే నీళ్లకు తెలియదు. ఫిల్ము అడిగింది అందుకే.

పైపులు మీ ఖర్చుతో తీసుకెళ్లి, పది రోజుల్లో మొత్తం సీమ్‌కు రేడియోగ్రఫీ చేయించండి. మా దగ్గర కుదరదు. ఫిల్ము తీయడానికి రేడియేషన్ ఇచ్చే ఇరిడియం సోర్స్ తెస్తే తాళ్లు కట్టి షెడ్డంతా ఖాళీ చేయాలి, రాత్రి షిఫ్టు పని పోతుంది. ఎక్కడైనా రిపేర్ చేస్తే ముందు ఫిల్ము, తర్వాతి ఫిల్ము రెండూ పంపండి. మీ సర్టిఫికెట్ నమ్మి ఒక పైపుకు నాజిల్ రంధ్రం వేసేశాం. దాని నష్టం విడిగా మాట్లాడాలి.

అంతవరకు మిగిలిన బిల్లు ఆపుతున్నాం.

ఇట్లు,
క్వాలిటీ విభాగం