సుబేదార్ సాబ్‌కి, ఇంకా కొందరికి థ్యాంక్స్

నిన్న సాయంత్రం లాయర్ ఫోన్ చేసి, నా పెన్షన్ కేసు గురించి "ఆర్డర్ వచ్చింది సార్, గెలిచాం" అన్నాడు. రాత్రంతా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

17 ఏళ్లు మిలిటరీలో చేసి, ఫిట్స్ వల్ల లో మెడికల్ కేటగిరీలో (పూర్తి డ్యూటీకి పనికిరాడని) ఇంటికొచ్చిన వాణ్ణి. మెడికల్ బోర్డు 20 శాతం వైకల్యం అని రాసింది, పక్కనే ఈ జబ్బుకీ సర్వీసుకీ సంబంధం లేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని కూడా రాసింది. ఆ ఒక్క లైనుతో డిసెబిలిటీ పెన్షన్ పోయింది. మొదటి అప్పీలుకీ అదే జవాబు, అక్షరం మారలేదు.

ఆ కాగితాలు పట్టుకుని చిత్తూరు జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకి వెళ్తే వరండాలోనే ఫిట్స్ వచ్చి పడిపోయాను. ఒక్కొక్కరూ తాళంచెవులు తెచ్చి చేతిలో పెట్టబోతే, ఒక పెద్దాయన అందర్నీ జరగమని, నన్ను పక్కకి తిప్పి, తన తువ్వాలు మడిచి తల కింద పెట్టాడంట. తెలివొచ్చేసరికి ఆయన నేలమీద కూర్చుని, చెదిరిపోయిన నా కాగితాలు ఏరి తేదీల వరసన పేరుస్తున్నాడు. "లెయ్యొద్దు నాయనా, నిదానం. నువ్వు చేరినప్పటి మెడికల్ కాగితం యాడ?" అన్నాడు. ప్యాంటు తడిసిందని అప్పుడు తెలిసింది నాకు. దాని మీద ఎప్పుడో నా సంచి కప్పేసి ఉన్నాడు. అక్కడే ఏడ్చేశాను.

ఆయన రిటైర్డ్ క్లర్కు సుబేదార్. ఆర్టీఐ అర్జీ తన చేత్తో రాసిచ్చి కాగితాలన్నీ తెప్పించాడు. చేరేటప్పుడు ఫిట్స్ అని ఎక్కడా లేదు. అలా రాసి లేకపోతే జబ్బు సర్వీసులో వచ్చిందనే అనుకోవాలి, కాదని చూపించాల్సింది మిలిటరీ వాళ్లేనని 2013లో సుప్రీంకోర్టు ధరంవీర్ సింగ్ అనే జవాను కేసులో చెప్పిందంట (ఆ సింగ్‌దీ ఫిట్సే). రెండో అప్పీలూ కొట్టేశాక, సైనికుల కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌లో కేసు వేయించాడు. నన్ను ఒంటరిగా పంపనని, కాట్పాడి దాకా బస్సు, అక్కడి నుంచి రైలు, మూడుసార్లు తోడొచ్చాడు, 70 దాటిన మనిషి. టికెట్ డబ్బులిస్తే "నాకు పింఛను రాదా ఏంది?" అని కసిరాడు. పేరు రాయొద్దన్నాడు.

20 శాతం వైకల్యాన్ని 50 శాతంగా లెక్కకట్టి పెన్షన్ ఇమ్మని ఆర్డర్. బకాయిలు మాత్రం కేసు వేయకముందు మూడేళ్లవే, అంతకుముందువి పోయినట్టే. 19 ఏళ్లప్పుడు పరిగెత్తించి, పళ్లు, చెవులు, పాదాలు చూసి ఫిట్ అన్నది మిలిటరీ వాళ్లు మీరే కదా, జబ్బు ఇంటి నుంచి తెచ్చుకున్నానని ఎట్లా రాస్తారు? సుప్రీంకోర్టు ఒకసారి చెప్పాక కూడా ప్రతి జవానూ మళ్లీ లాయర్ని పెట్టుకుని అదే మాట చెప్పించుకోవాలా? డబ్బు చేతికి రావడానికి ఇంకెన్ని నెలలో. సరే, ఈ రోజు వద్దులే.

మా ఆవిడ, తమ్ముడు ఎట్లాగూ ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పేదేముంది. లాయర్ ఫీజు విడతలుగా తీసుకున్నాడు, థ్యాంక్స్. వాట్సాప్‌లో పాత తీర్పులు వెతికి పంపిన మా యూనిట్ వాడికీ.

సాబ్, మీ తువ్వాలు ఇంకా నా దగ్గరే ఉంది. ఉతికి పెట్టాను, ఆదివారం తెస్తా.

అయ్యో, జిరాక్స్ షాపు పిల్లోణ్ణి మర్చిపోయాను, రాత్రి తొమ్మిదింటికి షట్టర్ సగం దించి మరీ నా సెట్లన్నిటికీ పేజీ నంబర్లు వేశాడు. ఆ రోజు వరండాలో నీళ్లు తెచ్చిన అమ్మ కూడా. ఆమె ఎవరో నేను అడగనే లేదు.